పందెపు సైకిలులో టైరుకెంత సందు కావలెను?

సాధారణపు సైకిలు నొకదానిని నిలువబెట్టి దాని వెనుక చక్రమును పరీక్షించినచో, టైరుకును సీటు క్రింది గొట్టమునకును నడుమ రెండు వ్రేళ్లు తేలికగా దూరును. మడ్‌గార్డు బిగించుటకును, వానకాలములో టైరు నంటిన బురద రాలిపోవుటకును ఆ చోటు విడిచిరి. వెలోడ్రోమ్ అనబడు ఏటవాలు బాటపై పందెములకు వాడు సైకిలులో అదే చోట పెన్సిలైనను దూరకపోవచ్చును. టైరు ఫ్రేమును తాకుచున్నదేమో అని చూచువారికి అనుమానము కలుగును. తాకదు. కాని తాకకుండుటకు విడిచిన చోటు తరచుగా కొద్ది మిల్లీమీటర్లే.

వెలోడ్రోమ్ అనునది గుడ్డు ఆకారపు బాట. అంతర్జాతీయ పోటీలు జరుగు బాట చుట్టుకొలత 250 మీటర్లు. మలుపులలో బాట అంచు 42 డిగ్రీలు, ఒక్కొక్కచోట అంతకన్న ఎక్కువగా, పైకి లేచియుండును. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఇట్టి పందెపు బాట యొకటి కలదు. ఈ బాటపై నడచు సైకిలుకు బ్రేకులు లేవు, గేర్లు మార్చు సాధనము లేదు, ఫ్రీవీలు కూడ లేదు. వెనుక దంతచక్రము హబ్బునకు గట్టిగా బిగింపబడి యుండును గనుక చక్రము తిరుగునంతసేపు పెడళ్లు తిరుగుచునే యుండవలెను. వేగము తగ్గించుటకు పెడళ్లను కాళ్లతో ఎదురు నొక్కుటయే మార్గము. ముందు దంతచక్రమునకు 48 పండ్లు, వెనుకదానికి 15 పండ్లు ఉన్నచో పెడలు ఒక చుట్టు తిరుగునప్పటికి వెనుక చక్రము 3.2 చుట్లు తిరిగి సైకిలు సుమారు 6.7 మీటర్లు ముందుకు పోవును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు ఆటగాని కాళ్లు నిమిషమునకు 149 చుట్లు తిరుగుచుండునన్నమాట. ఆ స్థితిలో టైరు ఫ్రేమునకు రాచుకొన్నను, చైను జారి చక్రములో చిక్కుకొన్నను సైకిలును ఆపుటకు అతని చేతిలో ఏ సాధనమును ఉండదు.

ఇక అసలు ప్రశ్న. పందెపు ఫ్రేమును పాతధరకు సంపాదించి, దానిపై సాధన చేయదలచిన యువకులు తరచుగా "ఈ ఫ్రేమునకు 25 మిల్లీమీటర్ల టైరు పట్టునా? 28 పట్టునా?" అని అడుగుచుందురు. అమ్మువాడు పట్టుననియో పట్టదనియో ఒక్క మాటలో చెప్పివేయును. ముందు చక్రము విషయములో ఆ ఒక్క మాట చాలును. వెనుక చక్రమునకు మాత్రము అట్టి జవాబు చెల్లదు. ఏలయనగా అచ్చట టైరు సందు ఫ్రేమును చేసినవాడు నిర్ణయించిన కొలత మాత్రమే కాదు. చైనులో ఎన్ని లింకులున్నవి, దంతచక్రములకు ఎన్ని పండ్లున్నవి అను సంగతులు కూడ దానిని నిర్ణయించును.

మొదట టైరు కొలతను చూతము. పందెపు చక్రములలో విస్తారముగా వాడు రిమ్మునకు, టైరు అంచు కూర్చుండు చోట వ్యాసము 622 మిల్లీమీటర్లు. టైరు అడ్డుకోత దాదాపు గుండ్రముగా ఉండును గనుక దాని వెడల్పు ఎంతయో ఎత్తును ఇంచుమించు అంతే. కావున 23 మిల్లీమీటర్ల టైరు వేసిన చక్రపు వ్యాసార్థము 311, 23 కలిపి 334 మిల్లీమీటర్లు. 28 మిల్లీమీటర్ల టైరు వేసినచో 339. టైరు లావు 5 మిల్లీమీటర్లు పెరిగినప్పుడు ఇరుప్రక్కల సందు రెండున్నర చొప్పుననే తగ్గును గాని, ఫోర్కు మెడ క్రిందను సీటు గొట్టము వద్దను సందు మొత్తము 5 మిల్లీమీటర్లు తగ్గిపోవును. చాలమంది ప్రక్కలే చూచి, పైచోటు మరచిపోవుట ఇందువలననే. ఒక హెచ్చరిక కూడ అవసరము: టైరుపై ముద్రించిన అంకె నమ్మదగినది కాదు. వెడల్పైన రిమ్ముపై ఎక్కించినచో అదే టైరు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లావుగా కూర్చుండును. గాలి నిండుగా కొట్టిన పిమ్మట వెర్నియర్ కాలిపర్సుతో కొలిచినదే నిజమైన కొలత.

ఇప్పుడు వెనుక ఇరుసు కూర్చుండు గాడిని చూడవలెను. పందెపు ఫ్రేములో ఈ గాడి దాదాపు అడ్డముగా, వెనుకవైపుకు తెరచియుండును. ఇది వింత యేమియు కాదు. మన ఊళ్లలోని బరువు సైకిళ్లలో కూడ గాడి అట్లే యుండును. చైను సాగి వ్రేలాడినప్పుడు సైకిలు షాపులోని పనివాడు నట్లు వదులుచేసి చక్రమును వెనుకకు లాగి బిగించుట అందరును చూచినదే. గేరు మార్చు సాధనమున్న సైకిలులో వదులు చైనును పీల్చుకొను స్ప్రింగు చేయి ఉండును. ఇచ్చట అది లేదు కనుక ఇరుసును ముందుకు వెనుకకు జరుపుటయే చైనును సరిచేయు ఏకైక మార్గము. ఇరుసు జరిగినచో చక్రము జరుగును, చక్రము జరిగినచో టైరు సందు మారును.

ఎంత మారును? చైనులో రెండు పిన్నుల నడుమ దూరము అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. చైను రెండు దంతచక్రములను చుట్టి పైన ఒక వరుస, క్రింద ఒక వరుసగా సాగును. దంతచక్రమునకు ఒక పన్ను పెరిగినచో చైను దానిని ఇంచుమించు సగము చుట్టు మాత్రమే కౌగిలించుకొనును గనుక, అదనముగా కావలసిన చైను అర పిచ్చు, అనగా 6.35 మిల్లీమీటర్లు. చైను పొడవు మారదు కనుక ఈ 6.35 రెండు వరుసల నుండియు సమానముగా రావలెను. ఒక్కొక్క వరుస 3.2 మిల్లీమీటర్లు పొట్టియగును. ఇరుసు అంత మేర ముందుకు, సీటు గొట్టము వైపునకు, జరుగవలసి వచ్చును.

ఒక ఉదాహరణము. 48 పండ్ల ముందు చక్రము, 15 పండ్ల వెనుక చక్రము, 23 మిల్లీమీటర్ల టైరు పెట్టినప్పుడు సీటు గొట్టము వద్ద సందు 7 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందము. సాధన కొరకు తేలికగా త్రొక్కదలచి వెనుక 16 పండ్ల చక్రము వేసినచో సందు 3.8కి తగ్గును. అప్పుడే 25 మిల్లీమీటర్ల టైరు కూడ ఎక్కించినచో ఇంకొక 2 పోయి మిగులునది 1.8. టైరు మార్చినప్పుడు ఇబ్బంది లేదు, దంతచక్రము మార్చినప్పుడును ఇబ్బంది లేదు; రెండును కలిసినప్పుడు మాత్రము ఫ్రేము అంచునకు వచ్చినది. చైనుకు ఒక జత లింకులు, అనగా ఒక అంగుళము, చేర్చినచో ఇరుసు 12.7 మిల్లీమీటర్లు వెనుకకు పోవును. గాడిలో అంత పొడవు మిగిలియున్నచో చిక్కు తీరినట్లే. లేనిచో అర లింకు అను ప్రత్యేకపు ముక్క నొకదానిని వేసి 6.35 మిల్లీమీటర్లు వెనుకకు తీసికొనిపోవచ్చును.

దీనిలోనే మరియొక చమత్కారము కలదు. 48, 15 కలిపినచో 63. 49, 14 కలిపినను 63. మొత్తము మారలేదు గనుక ఇరుసు దాదాపు ఉన్నచోటనే యుండును, టైరు సందు మారదు, చైను కోయనక్కరలేదు. కాని పెడలు ఒక చుట్టునకు చక్రము తిరుగు చుట్లు 3.20 నుండి 3.50కి పెరిగినవి. పోటీనాడు బరువైన గేరు కావలసినవారు రెండు చక్రములను ఇట్లు జతగా మార్చినచో చైను పొడవును, టైరు సందును చెడకుండ పని జరుగును.

సీటు గొట్టము వద్ద లెక్క సులభము. పెడలు ఇరుసు నుండి వెనుక ఇరుసు వరకు పోవు రెండు గొట్టముల నడుమ లెక్క కొంచెము చిక్కు. ఆ గొట్టములు వెనుక వెడల్పుగా ఉండి ముందునకు పోవుకొలది దగ్గరపడును. చక్రము ముందుకు జరిగిన కొలది టైరు ఇరుకైన చోటికి చొచ్చుకొనిపోవును. అందువలన సీటు గొట్టము వద్ద సందు చాలినంత ఉండియు, ఈ ప్రక్క గొట్టముల వద్ద టైరు పట్టకపోవుట సంభవించును. గొట్టములను లోపలివైపు కొంచెము నొక్కి గుంటలు చేయు పద్ధతి ఉక్కు ఫ్రేములలో ఇందుకొరకే వచ్చినది. ఆ గుంట ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో, టైరు అక్కడనే నిలువవలెను.

నిలిచియున్న సైకిలులో సందు సరిపోయినది. నడచునప్పుడో? ఇచ్చట రెండు బలములు పనిచేయును.

మొదటిది చైను లాగుడు. 48 పండ్ల దంతచక్రపు వ్యాసార్థము సుమారు 97 మిల్లీమీటర్లు, క్రాంకు పొడవు సాధారణముగా 165 మిల్లీమీటర్లు. 80 కిలోల ఆటగాడు పందెము మొదట లేచి నిలిచి తన బరువంతయు ఒక పెడలుపై మోపినచో చైనుపై పడు బలము 80ని 165చే హెచ్చించి 97చే భాగింపగా వచ్చును. అది 136 కిలోల బరువు. చేతులతో హాండిలును పైకి లాగుచు త్రొక్కువాడు ఇంతకంటె ఎక్కువ బలమునే ప్రయోగించును. ఈ లాగుడంతయు ఇరుసునకు కుడిప్రక్కనే పడును. నట్టు చాలినంత బిగువుగా లేనిచో కుడి కొన ముందుకు జారును, ఎడమ కొన ఉన్నచోటనే యుండును, చక్రము వంకరగా తిరిగి టైరు ముందుభాగము ఎడమ గొట్టము వైపు పోవును. ఇరుసు రెండు గాడుల నడుమ దూరము 120 మిల్లీమీటర్లు. టైరు ముందు అంచు ఇరుసునకు 334 మిల్లీమీటర్ల దూరమున ఉన్నది. కుడి కొన ఒక్క మిల్లీమీటరు జారినచో టైరు అంచు 334ను 120చే భాగింపగా వచ్చినంత, అనగా 2.8 మిల్లీమీటర్లు ప్రక్కకు తొలగును. మూడు మిల్లీమీటర్ల సందు ఉన్న ఫ్రేములో ఇక మిగిలినదేమియు లేదు. బయలుదేరిన మరుక్షణముననే టైరు రాచుకొని చక్రము పట్టుకొనుటకు ఇదియే సామాన్యమైన కారణము. ఆ లోపము టైరుది కాదు, నట్టుది.

రెండవది మలుపు బలము. మలుపు వ్యాసార్థము 22 మీటర్లు, వేగము గంటకు 60 కిలోమీటర్లు, అనగా సెకండుకు 16.7 మీటర్లు అనుకొన్నచో, కేంద్రము వైపు కావలసిన త్వరణము గురుత్వ త్వరణమునకు 1.29 రెట్లు. రెంటిని కలిపి చూచినచో టైరుపై పడు భారము ఆటగాని సహజపు బరువునకు సుమారు 1.6 రెట్లగును. సైకిలు నిలువు రేఖ నుండి 52 డిగ్రీలు వాలును. బాట 42 డిగ్రీలే వాలియున్నది కావున మిగిలిన 10 డిగ్రీల మేర టైరు బాటపై ప్రక్కవాటుగా ఒరిగి నడచును. ఆ మేరకు చక్రముపై ప్రక్క నుండి బలము పడి రిమ్ము కొంచెము వంగును. స్పోకులు వదులుగా ఉన్న చక్రములో ఈ వంపు ఎక్కువ. మలుపులలో మాత్రమే "స్సు" మను చప్పుడు వినిపించి తిన్నని బాటలో మాయమైనచో, చక్రము వంగి టైరు గొట్టమును రాచుచున్నదని గ్రహింపవలెను.

ఇట్టి చిక్కులుండగా సందును అంత తక్కువగా ఎందుకుంచిరి? లోపలి బాట నున్నని కొయ్యపలకలతో చేసినది. బురద లేదు, గులకరాళ్లు లేవు. మడ్‌గార్డు అక్కరలేదు. చక్రము సీటు గొట్టమునకు దగ్గరైన కొలది వెనుక గొట్టములు పొట్టివై త్రొక్కుడు బలమునకు తక్కువ వంగును. గాలి కూడ ఒక కారణము. సీటు గొట్టమును చక్రపు వంపునకు తగినట్లు వెనుకవైపు గుల్లచేసి టైరును అందులో దాచినచో గాలి సుడులు తగ్గునని నిర్మాతలు లెక్కించిరి. రోడ్డుపై నడచు సైకిళ్ల విషయములో ఐ.ఎస్.ఓ. 4210 అను అంతర్జాతీయ ప్రమాణము టైరుకు ఫ్రేమునకు నడుమ 6 మిల్లీమీటర్లు, పోటీ సైకిళ్లకు 4 మిల్లీమీటర్లు ఉండవలెనని కోరుచున్నది. బాటకై చేసిన ఫ్రేమును రోడ్డుపైకి తెచ్చువారు ఈ అంకెను గుర్తుంచుకొనవలెను. టైరునంటిన ఒక చిన్న రాయి 2 మిల్లీమీటర్ల సందులో ఇరుకుకొన్నచో చక్రము ఆగిపోవును. పైగా అట్టి ఫ్రేములు చాలవానిలో ఫోర్కు మెడకు బ్రేకు బిగించు రంధ్రమే ఉండదు.

సందు ఎంత తక్కువైన అంత వేగమని మాత్రము అనుకొనరాదు. 1992లో బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో క్రిస్ బోర్డ్‌మన్ బంగారు పతకము గెలిచిన లోటస్ సైకిలులో ముందు చక్రమునకు ఫోర్కు ఒక ప్రక్కనే ఉండెను; రెండవ ప్రక్క సందును గూర్చి ప్రశ్నయే లేదు. 2019లో హోప్, లోటస్ సంస్థలు కలిసి బ్రిటన్ జట్టుకు చేసిన సైకిలు అంతకన్న ఆశ్చర్యకరము. దానిలో ఫోర్కు కాళ్లను చక్రమునకు దగ్గరగా కాక చాల ఎడముగా, ఆటగాని కాళ్లకు సూటిగా ముందు వచ్చునట్లు నిలిపిరి; వెనుక గొట్టములను కూడ అట్లే విడదీసిరి. తిరుగు చక్రపు అంచున కలియు గాలికి దూరముగా ఉండి, కాళ్ల పైకి పోవు గాలిని ముందుగానే చీల్చుట ఆ నిర్మాణపు ఉద్దేశము. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ పోటీలలో బ్రిటన్ జట్టు దానినే వాడినది.

టైరు ఒక్కటే కాదు, తక్కిన భాగముల అమరికలో కూడ కొన్ని మిల్లీమీటర్లే భేదము. హబ్బు వెడల్పు వెనుక పూర్వము 110, ఇప్పుడు సాధారణముగా 120 మిల్లీమీటర్లు. గేర్లు గల రోడ్డు సైకిలు హబ్బు 130. ఉక్కు ఫ్రేము కొంచెము సాగి దానిని పట్టుకొనవచ్చును గాని కార్బన్ ఫ్రేమును అట్లు విప్పదీయుట ప్రమాదకరము. చైను ఫ్రేము మధ్యరేఖకు 42 మిల్లీమీటర్ల దూరమున తిన్నగా సాగవలెను. 48 పండ్ల చక్రపు వ్యాసము 194 మిల్లీమీటర్లు కాగా 60 పండ్ల చక్రపు వ్యాసము 243. ఇటీవల పెద్ద గేర్లు వాడుకలోనికి వచ్చినందున పాత ఫ్రేములలో ఆ చక్రము కుడి గొట్టమునే తాకుచున్నది. పెడలు ఇరుసును కొంచెము ఎత్తుగా అమర్చుటకు కూడ బాటయే కారణము. ఆటగాడు మలుపులో మెల్లగా పోవునప్పుడు సైకిలు తక్కువగా వాలును, కుడిప్రక్క బాట పైకి లేచియుండును, కుడి పెడలు దానిని తగులును.

జపానులో 1948లో కొకురా నగరమున ప్రారంభమైన కెయిరిన్ పందెములలో ఈ కొలతల సమస్యను వేరువిధముగా తీర్చిరి. ప్రజలు పందెము కాయు ఆట గనుక ఒకని సైకిలు మరియొకనిదానికంటె మెరుగైనదను అనుమానము రాకూడదు. అందుచే ఫ్రేము, హబ్బు, రిమ్ము, దంతచక్రము మొదలగు భాగములన్నియు ఆమోదింపబడినవై, ఎన్.జె.ఎస్. ముద్ర కలవై యుండవలెనను నియమము పెట్టిరి. అట్టి ఫ్రేములు ఉక్కువి, సన్నని ట్యూబులరు టైరుకు సరిపడునంత సందు మాత్రమే కలవి. వాడుకలోనుండి తొలగిన ఆ ఫ్రేములు ఇతర దేశములకు చేరి, లావు టైరు ఎక్కించబోయిన వారిని నిరాశపరచుచుండును.

సరిపోయినట్లు కనబడి సరిపోని భాగమొకటి చెప్పవలసియున్నది. సాధారణపు హబ్బుపై ఫ్రీవీలును బిగించు మరయు, పందెపు దంతచక్రమును బిగించు మరయు దాదాపు ఒకటే, వ్యాసము 1.37 అంగుళములు, అంగుళమునకు 24 చుట్లు. అందుచే ఫ్రీవీలు తీసివేసి అచ్చట స్థిర దంతచక్రమును ఎక్కించుట అతి సులభము. ముందుకు త్రొక్కునంతసేపు అది మరింత బిగియును. ఎదురు నొక్కినప్పుడు మాత్రము ఊడివచ్చును, బ్రేకు లేని సైకిలులో ఉన్న ఒక్క ఆధారమును పోవును. నిజమైన పందెపు హబ్బులో దంతచక్రమునకు వెలుపల మరియొక చిన్న మర, ఎడమచేతి వాటముగా కోసినది, ఉండును. దానిపై ఒక రింగును బిగింతురు. దంతచక్రము ఊడుటకు తిరుగు దిక్కు ఆ రింగు బిగియు దిక్కే గనుక, ఒకటి వదులైన కొలది రెండవది దానిని అదిమిపట్టును.

పాఠశాలలో దీనిని పరీక్షించుటకు పందెపు సైకిలు అవసరము లేదు. చైను సరిచేయు గాడి గల ఏ సైకిలైనను చాలును. మడ్‌గార్డు, చైను విప్పి, టైరులో గాలి నిండుగా కొట్టి, ఇరుసును గాడి వెనుక కొనకు లాగి బిగింపవలెను. అప్పుడు సీటు గొట్టము వద్దను, రెండు ప్రక్క గొట్టముల వద్దను సందును కొలువవలెను. ఇరుకైన చోట్ల మందము తెలిసిన రేకులో, అలెన్ కీలో దూర్చి చూచుట మేలు. పిమ్మట ఇరుసును రెండేసి మిల్లీమీటర్లు ముందుకు జరుపుచు ప్రతిసారి కొలిచి గ్రాఫు గీసినచో, సీటు గొట్టపు సందు రేఖ దాదాపు తిన్నగా, ఇరుసు జరిగినంత మేర దిగుచు పోవును. ప్రక్క గొట్టముల రేఖ అంత ఏటవాలుగా ఉండదు. గొట్టములు వంగిన చోట అదియు వంగును. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు ఆరేడు చోట్ల కొలువవలెను. రిమ్ములో వంకర ఉన్నచో సందు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా వచ్చును. వానిలో అన్నిటికంటె చిన్నదానినే లెక్కలోనికి తీసికొనవలెను.